వేళ్ళకు తెలియని సంగతి

ఫిట్టరుకు చొక్కా గుండీలు పెట్టేది ఆయన భార్యే. చలికాలం వచ్చిందంటే ఆ పని ఆవిడ వంటకన్నా ముందు మొదలుపెట్టేది.

"కాస్త కదలకుండా నిలబడండి. విమానాలకు రెక్కలు బిగించారట, మెడ కింద ఒక్క గుండీ బిగించుకోలేరు!"

"రెక్కకు గుండీలుండవే."

"ఉంటే మన వాళ్ళెవరూ పైకి లేచేవారు కాదు. ఊఁ, ఆ చెయ్యి ఇటివ్వండి."

ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు ఎంతవరకు నిజమో ఆవిడ ఎన్నడూ తరచి చూడలేదు. చల్లగాలి తగిలితే భర్త వేళ్ళు మొదళ్ళ దాకా సున్నం పూసినట్టు తెల్లబడతాయని ఆవిడకు తెలుసు. ఓడ మీద పనిచేసినవాళ్ళకు అదొక జబ్బని, ప్రాణానికి ముప్పు లేదని ఆయన చెప్పాడు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ఆయన చెప్పింది అంతవరకే.

ఫిట్టరు తండ్రి గిన్నెలకు మాట్లు వేసి బతికినవాడు. చిల్లుపడ్డ బిందె, అడుగూడిన గిన్నె, చెవి విరిగిన డేగిశా, ఏది తెచ్చినా రేకు కత్తిరించి, మేకు దిగ్గొట్టి, నీరు కారకుండా చేసి ఇచ్చేవాడు. కొడుకు ఆ విద్యను అక్కడే నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చి నౌకాదళంలో చేరినప్పుడు పరీక్షాధికారి అతని చేతికి ఒక రేకుముక్క, నాలుగు రివెట్లు ఇచ్చి చూశాడు. అంతే, అతణ్ణి విమానవాహక నౌక మీద ఒక యుద్ధవిమానాల స్క్వాడ్రన్‌కు పంపించేశారు. గుళ్ళు తగిలి జల్లెడలైపోయి వచ్చే విమానాలకు రేకులు వేసి మళ్ళీ ఎగిరేటట్టు చేయడం అతని పని. వారం తిరక్కుండానే స్క్వాడ్రనంతా అతణ్ణి మాట్ల మామ అని పిలవడం మొదలుపెట్టింది. అప్పటికి అతనికి పిల్లనిచ్చినవాడూ లేడు, మామ అని పిలిచే మేనల్లుడూ లేడు.

ఆ విమానాల గురించి కొంత చెప్పాలి. అవి మొదట నేల మీది మైదానాల కోసం తయారైనవి. గాలిలో వాటికి సాటి వచ్చేవి అరుదు. ఓడకు కావలసి వచ్చేసరికి రెక్కలు మధ్యకు కోసి మడతబందులు పెట్టారు, తోక కింద ఒక ఇనుప కొక్కెం తగిలించారు, పొట్టకు కాస్త బలం చేర్చారు. కాళ్ళు మాత్రం పాతవే. సన్నగా, దగ్గర దగ్గరగా ఉండేవి. అందుకే వాటిని అందరూ కొంగలనేవారు. ముక్కు ఎంత పొడవంటే, దిగేటప్పుడు పైలటుకు ఎదురుగా ఓడ పైతలం, అంటే డెక్కు, కనబడదు. పక్కనుంచి వంపు తిరుగుతూ వచ్చి, చివరి క్షణంలో నిటారై, అలలకు లేస్తూ పడుతూ ఉన్న డెక్కు మీద వాలాలి. అడ్డంగా కట్టిన ఉక్కుతీగల్లో ఒకదాన్ని కొక్కెం అందుకుంటే విమానం ఆగుతుంది. అందుకోకపోతే ముందున్న ఉక్కుతాళ్ళ కంచెకు గుద్దుకుంటుంది. ఆ కంచె లేకపోతే అవతల నిలిపి ఉంచిన విమానాలన్నీ నుజ్జవుతాయి. సరుకు ఓడలకు కాపుగా చల్లటి సముద్రాల మీద తిరిగిన ఆ స్క్వాడ్రన్‌లో శత్రువు కూల్చిన కొంగలకన్నా సొంత డెక్కు మీద కాళ్ళు విరిగినవే ఎక్కువ. దీనికి పైలట్లను తప్పుపట్టడం న్యాయం కాదు. విమానాన్ని తప్పుపట్టడమూ న్యాయం కాదు. దాన్ని పుట్టించింది వేరే పనికి.

మాట్ల మామ చూసుకునే కొంగను నడిపే పైలటును ఉడుత అనేవారు. మనిషి పొట్టి. సీటు మీద ఇంకో దిండు వేసుకుంటే గానీ తల బయటికి కనబడేది కాదు. నలుగురిలో ఉన్నప్పుడు మామ అతణ్ణి "సార్" అని నిటారుగా నిలబడి పిలిచేవాడు. రెక్క ఎక్కి పట్టీలు బిగించేటప్పుడు మాత్రం వాళ్ళిద్దరి మాట వేరు.

"నా విమానం సిద్ధమా మామా?"

"నీదా? ఎప్పటినుంచి? విమానం నాది. పొద్దున పూట నీకు అద్దెకిస్తున్నాను. గీత పడకుండా పట్టుకురా."

"ఇల్లుగలాయన ఇంత గయ్యాళి అని తెలిస్తే అద్దెకు దిగేవాణ్ణే కాదు. కాస్త వదులు చెయ్యి, ఊపిరాడటం లేదు."

"ఊపిరి పైకెళ్ళాక పీల్చుకో. అక్కడ గాలి బోలెడు."

ఆ స్క్వాడ్రన్‌లో ఎవరూ రాసిపెట్టని ఆచారం ఒకటుండేది. పైలటుకు పట్టీలు బిగించిన ఫిట్టరే, తిరిగొచ్చాక వాటిని విప్పాలి. మరో చెయ్యి తగలకూడదు. డాక్టరున్నా, ఆఫీసరున్నా, రెక్క మీదికి ముందు ఎక్కేది ఆ విమానం ఫిట్టరే. ఆ ఆచారం వల్ల ఎవరికీ ఏనాడూ నష్టం కలగలేదు. ఆ ఒక్క పొద్దుట తప్ప.

రేకుపనివాళ్ళ బాధ ఒకటుంది. గాలిసుత్తి పట్టుకుని పూటంతా రివెట్లు కొడితే చేతులు మొదట చీమలు పాకినట్టు జివ్వుమంటాయి. తరవాత అదీ ఉండదు. వేళ్ళు ఉంటాయి, పని చేస్తాయి, కానీ ఏది తగిలినా తెలియదు. డెక్కు కింద విమానాలుంచే హ్యాంగర్లో దీని మీద పరాచికాలాడుకునేవారు. "నా చేతులు సెలవు మీద వెళ్ళాయిరా, సాయంత్రం డ్యూటీకొస్తాయి" అనేవాడొకడు. అలాంటప్పుడు అతుకు నున్నగా ఉందో లేదో వేలితో తడిమి చూడకుండా, దీపం పట్టుకుని కంటితో చూసేవారు. మాట్ల మామకు ఆ జాగ్రత్త అందరికన్నా ఎక్కువ. రేకు విషయంలో అతను తన వేళ్ళ మాట ఎప్పుడూ నమ్మలేదు.

ఆ పొద్దుట ఉడుతను సాగనంపాక అతను హ్యాంగర్లోకి దిగి, ఇంకో కొంగ రెక్కకు రేకు వేస్తూ కూర్చున్నాడు. గాలిసుత్తి ఆపకుండా నడుస్తూనే ఉంది. విమానాలు తిరిగి వస్తున్నాయని మైకులో కేక వినబడగానే సుత్తి పడేసి, చేతి తొడుగులు తగిలించుకుని, నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు.

వెళ్ళినవి నాలుగు, వచ్చినవీ నాలుగే. కానీ ఉడుత ఇంజను నల్లగా పొగ కక్కుతోంది. అందుకని ముందు అతణ్ణే దిగమన్నారు. వంపు తిరిగి బాగానే వచ్చాడు. సరిగ్గా వాలే క్షణంలో డెక్కు అలతోపాటు పైకి లేచింది. కొక్కెం ఎగిరిపడి తీగలన్నీ దాటిపోయింది. ఒక కాలు విరిగింది. విమానం పక్కకు ఒరిగి, రెక్కతో డెక్కును గీరుకుంటూ వెళ్ళి కంచెకు గుద్దుకుంది. ఇంజను వెనక్కి తోసుకువచ్చి పైలటు గదిని నొక్కేసింది.

పైన మూడు విమానాలు తిరుగుతున్నాయి. వాటి ట్యాంకుల్లో మిగిలింది అడుగున తడి మాత్రమే. అడ్డం పడ్డ ఈ కొంగను సముద్రంలోకి తోసేస్తే గానీ అవి దిగలేవు. దగ్గరలో మరో డెక్కు లేదు. ఆ నీళ్ళలో దిగిన మనిషిని పడవ వెళ్ళి ఎత్తేలోపల చలి తినేస్తుంది. డాక్టరు కింద, ఆవిరి గొట్టం పగిలి ఒళ్ళు కాలిన ఒక నావికుడి దగ్గర ఉన్నాడు. పిలుపు వెళ్ళింది, ఇంకా పైకి రాలేదు.

మాట్ల మామ రెక్క ఎక్కాడు. సగం తెరుచుకుని ఇరుక్కుపోయిన అద్దపు మూతలోంచి లోపలికి వంగాడు. ఉడుత నుదురు ఎదుట తుపాకులకు గురి చూసే అద్దానికి కొట్టుకుంది. ముక్కునుంచి రక్తం. కళ్ళు సగం మూతలు పడి ఉన్నాయి. మోకాళ్ళ కింద అంతా ఇనుము. కోసి తియ్యాలంటే రంపం కావాలి, మనుషులు కావాలి, అన్నిటికన్నా సమయం కావాలి.

డెక్కు మేస్త్రీ, అంటే డెక్కు మీద మనుషుల్ని నడిపే పెద్ద, కింద నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"మామా! ఉన్నాడా, లేడా? ఒక్క మాట చెప్పు!"

మామ పళ్ళతో తొడుగు లాగి, దవడ కింద రెండు వేళ్ళు ఆనించాడు. ఒత్తిపట్టాడు. చోటు మార్చి మళ్ళీ ఒత్తాడు. ఏమీ లేదు.

"ఉడుతా," అన్నాడు. "ఒరేయ్, బాబూ."

"మామా!"

"లేడు," అన్నాడు మామ.

 మనుషులు రెక్కల కింద భుజాలు పెట్టారు. మామ దిగి తోక దగ్గర తనూ భుజం పెట్టాడు. అతని విమానం కాబట్టి అతన్నెవరూ వారించలేదు. కొంగ అంచు దాకా జారి, ముక్కు వాల్చి, పైలటుతో సహా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. కంచె మళ్ళీ లేపారు. పైనున్న మూడూ దిగాయి. చివరిది తీగ అందుకున్న మరుక్షణమే దాని ఇంజను దానంతటదే ఆగిపోయింది.

మధ్యాహ్నం మామ భోజనాల గది పక్కన చేతులు కడుక్కుంటున్నాడు. వంటవాడు పరిగెత్తుకొచ్చి అతని భుజం పట్టి వెనక్కి లాగాడు.

"మతిపోయిందా మామా? అవి మరుగుతున్న నీళ్ళు!"

మామ చేతులు పైకి తీసి చూసుకున్నాడు. చర్మం ఎర్రగా కందిపోయింది. కంటితో చూశాడు గనుక తెలిసింది. అప్పుడు తట్టింది అతనికి, తను పొద్దున ఏ వేళ్ళతో ఆ మెడ తడిమాడో.

అతను సరాసరి డెక్కు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. చెప్పింది ముక్తసరిగానే చెప్పాడు. మేస్త్రీ అతణ్ణి పక్కకు తీసుకెళ్ళాడు.

"నువ్వు లేడన్నావు, నేను తోయించాను. ఆ ముగ్గురూ ఇప్పుడు కింద అన్నం తింటున్నారు."

"ఉండి ఉంటే?"

"ఉన్నాడని నువ్వు అని ఉంటే నేనేం చేసేవాణ్ణో నాకే తెలియదు మామా. తోయించేవాణ్ణేమో. దేవుడు నాకు ఆ పరీక్ష పెట్టలేదు, నీకు పెట్టాడు. ఇంకెవరితోనూ అనకు. అన్నందువల్ల వాడు తిరిగి రాడు."

విచారణ జరిగింది. నాడి చూశావా అని అడిగారు. చూశానన్నాడు. దొరికిందా అన్నారు. దొరకలేదన్నాడు. రెండు జవాబులూ నిజాలే. వేళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

నిష్పక్షపాతంగా చూస్తే ఉడుత అప్పటికే చనిపోయి ఉండటానికే అవకాశం ఎక్కువ. ఆ వేగంతో కంచెకు గుద్దుకుని, నుదురు గురి అద్దానికి కొట్టుకున్న పైలట్లలో బతికి బయటపడ్డవాళ్ళు ఆ స్క్వాడ్రన్‌లో లేరు. పిలిస్తే పలకలేదు, రెప్ప కదల్లేదు. బతికి ఉన్నా అతణ్ణి కోసి బయటికి తీసేలోపల ముగ్గురు పోయేవారు. ఇవన్నీ ఒక పక్కన. రెండో పక్కన ఉన్నది ఒక్కటే. చనిపోయాడనడానికి మనుషులు తీసుకున్న సాక్ష్యం, ఆ పూట మరుగునీళ్ళను కూడా పసిగట్టలేని రెండు వేళ్ళు. ఎవరు తూచినా మొదటి పక్కే మొగ్గుతుంది. మామకు మాత్రం అటు మొగ్గలేదు. ఉడుత నీళ్ళలోకి వెళ్ళాక కళ్ళు తెరిచాడా అన్న ప్రశ్న అతణ్ణి వదల్లేదు.

యుద్ధం ముగిశాక అతను బస్సుల డిపోలో చేరాడు. రివెట్ల పని ఇస్తామన్నా వద్దని, రంగులు వేసే చోట కుంచె పట్టుకున్నాడు. పెళ్ళయింది. మామ అన్న పిలుపు ఓడతోనే పోయింది. డిపోలో అందరికీ అతను ఫిట్టరే.

ఒక సెలవురోజు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఫిట్టరు భార్య తీసింది. వచ్చినావిడకు నలభై ఏళ్ళుంటాయి. రైల్వే పార్సెలు ఆఫీసులో తూకం దగ్గర పనిచేస్తానని, తన తమ్ముడు ఈయనతో ఓడ మీద పనిచేశాడని చెప్పింది. ఫిట్టరు లేచి నిలబడ్డాడు. తమ్ముడిలాగే పొట్టిగా ఉన్న ఆ మనిషిని, అదే చుబుకాన్ని చూశాక పేరు చెప్పనక్కర్లేదు.

"ఉడుత అక్కగారా?"

"అవును. ఆ రోజు వాడి తరవాత దిగిన పైలటొకాయన మీ సంగతి చెప్పాడు. వాణ్ణి ఆఖరున ముట్టుకున్నది మీరేనట." ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. "నాకు అడగాల్సిందేమీ లేదు. మా అమ్మ మంచాన పడింది. కొడుకును ఆఖరున చూసిన మనిషి నోటితో ఒక్క ముక్క వినాలంటోంది. ఒక్కసారి రావాలి మీరు."

"ఏం ముక్క?"

"నీళ్ళలో పడేసరికే పోయాడని. అంతే. కాయితం మీద రాసి పంపారు, ఆవిడకు కాయితం మీద నమ్మకం లేదు."

ఫిట్టరు భార్య టీ పెట్టడానికి లోపలికి వెళ్ళబోతోంది. ఆయన ఆమెను ఆగమనలేదు, వెళ్ళమనలేదు. నిలబడ్డచోటే మొత్తం చెప్పేశాడు. గాలిసుత్తి, చేతులు, దవడ కింద వేళ్ళు, మరుగునీళ్ళు. విచారణలో చెప్పనిది కూడా. గడపలో నిలబడ్డ భార్య మొదటిసారి అదంతా విన్నది.

ఉడుత అక్క అప్పుడు కూర్చుంది.  తరవాత చేతికున్న గాజు పైకి తోసి, మణికట్టు ఆయన ముందుకు చాపింది.

"చూడండి."

"అమ్మా, వద్దు."

"చూడమంటున్నాను. ఇవాళ చలిగానే ఉంది కదా. చూసి చెప్పండి."

ఫిట్టరు ఆవిడ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించాడు. తెల్లబడ్డ వేళ్ళు. ఒత్తిపట్టాడు. చోటు మార్చాడు. ఎదుట ఆవిడ ఊపిరి తీస్తోంది, కళ్ళార్పుతోంది, పెదవి కొరుక్కుంటోంది.

"దొరికిందా?"

"లేదమ్మా."

"అయితే మీ లెక్కన నేనూ లేనట్టే."

ఆ మాటలో నింద లేదు. అది ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని, పరాయి ఇంట్లో చప్పుడు కాకుండా. ఫిట్టరు భార్య వచ్చి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆవిడకూ కళ్ళు నిండాయి గానీ, ఎవరికోసం ఏడవాలో తెలియలేదు.

కొంతసేపటికి ఉడుత అక్క ముఖం తుడుచుకుంది.

"మీరు రండి. అమ్మకు ఆ ఒక్క ముక్కే చెప్పండి. ఇదంతా నా దగ్గర ఉంటుంది. ఆవిడ దాకా పోనక్కర్లేదు."

"అది అబద్ధం కావచ్చు."

"నిజమూ కావచ్చు కదా. తేల్చే మనిషి లేడు. అమ్మకు నిజమయ్యేటట్టు చెప్పండి."

ఆ వారంలోనే ఆయన వెళ్ళాడు. రెండో అంతస్తులో ఇరుకు గది. కిటికీ పక్కన మంచం. ముసలావిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతురు చెప్పింది ఎవరొచ్చారో. ఆవిడ ఆయన్ని దగ్గరకు రమ్మని, మంచం మీదే కూర్చోబెట్టుకుంది.

"నువ్వేనా నాయనా ఇల్లుగలాయనవి? వాడు ఇంటికొచ్చినప్పుడల్లా నీ గొడవే. మా ఇల్లుగలాయన తిడతాడమ్మా అనేవాడు."

ఫిట్టరు తల ఊపాడు.

"చెప్పు."

"నీళ్ళలోకి వెళ్ళేసరికే పోయాడమ్మా. నేను చూశాను."

ముసలావిడ కళ్ళు మూసుకుని విన్నది. గది తలుపు దగ్గర నిలబడ్డ కూతురు ఊపిరి వదిలింది. అయిపోయిందనుకుని ఫిట్టరు లేవబోయాడు. ముసలావిడ ఆయన చెయ్యి వదల్లేదు.

"ఇంకొక్కటి నాయనా. మెడ మీద చెయ్యి పెట్టి చూశావని ఆ పైలటు చెప్పాడు. ఒళ్ళు వెచ్చగా ఉందా? ఆ సముద్రం చల్లనంటారు. వాడికి చిన్నప్పటినుంచీ చలి పడదు. ఉత్త చెయ్యేగా పెట్టావు, వెచ్చగా తగిలాడా?"

ప్రపంచంలో ఆ ప్రశ్నకు జవాబు తెలియవలసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడికే తెలియదు. ఫిట్టరు కిటికీ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఎవరూ సాయం రాలేదు.

"వెచ్చగానే ఉన్నాడమ్మా," అన్నాడు.

"పోనీలే," అంది ఆవిడ. "పోనీలే. చలి తెలియకుండా పోయాడు నా తండ్రి." ఆమె ముఖంలోంచి ఏదో పెద్ద బరువు దిగిపోవడం కళ్ళారా చూశాడు ఆయన. అలా నెమ్మదిగా నిద్రలోకి జారేవరకు చెయ్యి ఆమె చేతిలోనే ఉంచాడు.

మెట్ల దాకా కూతురు వచ్చింది. పిట్టగోడ పట్టుకుని నిలబడింది.

"నేను ఒక్కటే చెప్పమన్నాను. రెండోది మీరు కలిపారు."

"అడిగిందమ్మా."

"తెలుసు. రేపు మళ్ళీ అడుగుతుంది. పెదవి కదిలిందా అంటుంది, నన్ను తలచుకున్నాడా అంటుంది. మీరు అన్నిటికీ ఔనంటారు." ఆవిడ గది తలుపు వైపు చూసింది. "ఇక రాకండి. మీ మీద కోపం లేదు నాకు. మీరొస్తే వాడు ఇంట్లో కొంచెం కొంచెంగా బతుకుతాడు. మళ్ళీ మళ్ళీ చంపుకునే ఓపిక నాకు లేదు."

ఫిట్టరు మెట్లు దిగాడు. మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. ముసలావిడ ఆ తరవాత చాన్నాళ్ళే బతికింది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఇల్లుగలాయన వచ్చాడా అని అడిగేదట. ఆ సంగతి ఎవరో చెప్పగా ఫిట్టరు విన్నాడు. విని, చేతిలో ఉన్న కుంచె మళ్ళీ రంగులో ముంచి, సగం వేసిన బస్సు తలుపును చివరిదాకా పూర్తిచేశాడు.